చక్రాలకు తగిన నేల

పోయిన వారం చోల్పోన్‌ను మనం కరకోల్ పట్నం బజారులో, ఇస్మార్ దుకాణం మెట్ల మీద వదిలి వచ్చాం. చేతిలో రెండు వెదురు పలకల ముక్కలు. "ఇంత గట్టి సరుకు అడుగుతున్నావు, ఇల్లు కడుతున్నావా తల్లీ, గుర్రాలశాల కడుతున్నావా?" అని ఇస్మార్ నవ్వుతాలకు అడిగాడు. ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పని మాట ఆమె నోరు జారింది. "గుర్రాలు కాదు ఇస్మార్ అన్నా, చక్రాలు. ఆయన ఉన్నన్నాళ్లూ తిరగాల్సిన చక్రాలు." దుకాణంలో ఓ మూల కూర్చుని మేకులు ఏరుకుంటున్న ముసలావిడ తమ వీధి మనిషేనని, ఆవిడ చెవులు తన మాటల మీదే ఉన్నాయని చోల్పోన్ బయటికి వచ్చాకగాని చూసుకోలేదు.

ఆ మాటకు నాలుగు రోజులయింది. ఇవాళ శనివారం. నేల దేంతో పరచాలో ఇవాళ చెప్పేయాలని కాదిర్ మేస్త్రి గడువు పెట్టాడు. మంచు పడేలోగా పని అయిపోవాలి. చెక్కయినా, వెదురయినా ముందు వారం రోజులు ఇంట్లో పెట్టి ఆ గాలికి అలవాటు చేయందే పరవకూడదు.

పాలకేంద్రంలో డబ్బాలు కడిగి, చోల్పోన్ కొత్త ఇంటి దారి పట్టేసరికి తొమ్మిదయింది. నాలుగింటికి లేచిన మనిషి. భర్తను పక్కకు తిప్పి, వీపు తుడిచి, బట్ట మార్చి, పొయ్యి రాజేసి, అత్తగారికి పాలు కలిపిన టీ ఇచ్చి బయల్దేరింది. ఏడాదిన్నరగా రోజూ ఇదే వరస. దుఃఖం ఎప్పుడో పాతబడింది. మిగిలింది అలసట ఒక్కటే. తడిసిన ఉన్ని కోటు తొడుక్కుని తిరుగుతున్నట్టు ఉంటుంది, విప్పి ఆరేసుకునే చోటు లేదు.

ఆ కొత్త ఇల్లే ఆమె భర్త జూమార్త్‌ను పడేసింది. పోయిన ఏడాది మే నెలలో పైకప్పు రేకులు బిగిస్తూ జారి పడ్డాడు. ఊళ్లో పశువుల డాక్టరు, ముప్ఫై ఆరేళ్లవాడు, కొండ మీద మేతకు తోలిన మందల దగ్గరికి గుర్రమెక్కి వెళ్లి వైద్యం చేసి వచ్చేవాడు. ఇప్పుడు మంచం, చక్రాల కుర్చీ, కిటికీ. ఫిబ్రవరిలో రాజధాని బిష్కేక్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చేతులు కడుక్కుంటూ చోల్పోన్‌తో చెప్పాడు. "ఆ కాళ్ల మీద ఆశ పెట్టుకోవద్దమ్మా. చేతులు బలంగా ఉన్నాయి. ఇల్లు అతనికి తగ్గట్టు సర్దుకోండి." ఆ మాటను ఆమె నడవాలోంచి బస్సులోకి, బస్సులోంచి ఇంట్లోకి మోసుకొచ్చింది. ఎక్కడా దించలేదు.

కొత్త ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల అడుగు పెట్టగానే చెక్క వాసన కొట్టింది. పెద్ద గదిలో గోడ పొడవునా కరగాచ్ అనే చెట్టు చెక్క పలకలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. వాటి మీద, తెల్ల తలగుడ్డ బిగించుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని అత్తగారు కూర్చుని ఉంది.

ఆవిడ పేరు అసిల్‌కాన్. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో మిగిలారు. మిగతా అందరికీ ఆవిడ 'అపా', అంటే అమ్మ. ఏడు పదులు నిండినా నడుం వంగలేదు.

కిటికీ దగ్గర కాదిర్ మేస్త్రి కొలతల టేపు లాగుతూ వదులుతూ నిలబడ్డాడు. కొలవడానికేమీ లేదు. చోల్పోన్‌ను చూసి, 'నా తప్పేం లేదు' అన్నట్టు కళ్లు దించుకున్నాడు.

"రా కోడలా, రా," అంది అసిల్‌కాన్. "నీ కోసమే కూర్చున్నా. తెల్లారి నలుగురు మగాళ్లని బతిమాలి పాకలోంచి ఇవన్నీ మోయించా. నువ్వేదో బజారునుంచి తెచ్చావటగా? సంచిలో దాచుకుని తిరుగుతున్నావంట? తియ్యి. మేమూ చూస్తాం."

చోల్పోన్ సంచిలోంచి వెదురు పలకలు తీసి అత్తగారికి అందించింది.  

అసిల్‌కాన్ ఓ పలకను అటూ ఇటూ తిప్పింది, వేలితో కొట్టింది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది చెట్టా?"

"వెదురు, అపా."

"అదే అడుగుతున్నా. వెదురు చెట్టా, గడ్డి మొక్కా?"

కాదిర్ గొంతు సవరించుకున్నాడు. "గడ్డి జాతేలే అపా. కానీ ఇది..."

"గడ్డి!" అసిల్‌కాన్ పలకను తన పక్కన పెట్టింది, విసరలేదు. "గడ్డిని గొడ్లకేస్తారు. నా కొడుకింట్లో నేలకేస్తారా? దీని కోసం కరకోల్ దాకా పోయావు. మీ మామ నాటిన చెట్లు కంటికానలేదు నీకు."

ఆ చెట్ల సంగతి చోల్పోన్‌కు తెలియనిది కాదు. జూమార్త్ పుట్టిన ఏడాది మామగారు పంటకాలువ గట్టున మూడు కరగాచ్ మొక్కలు నాటాడు. కొడుక్కి ఇరవై తొమ్మిదేళ్లప్పుడు వాటిని కొట్టించి, కోయించి, పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టి పాకలో పేర్చాడు. కొడుకు ఇల్లు కట్టే నాటికి ఆరి ఉండాలని. తర్వాతి చలికాలం ఆయన పోయాడు. పోయే రోజు కూడా పెళ్లాంతో మాట్లాడింది పలకల గురించే. 'వసంతంలో తిరగెయ్యి, లేకపోతే వంకర పోతాయి' అన్నాడు. ఆవిడ ఏ వసంతమూ తప్పలేదు.

"మంచి చెక్క అపా," అన్నాడు కాదిర్ నెమ్మదిగా. "నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా, ఇంత బాగా ఆరిన కరగాచ్‌ని చూళ్లేదు. కానీ అది మనుషులు నడిచే నేల. బరువున్న కుర్చీ చక్రం ఒకే దారిలో రోజుకి వందసార్లు తిరిగితే రెండేళ్లకి గాడి పడుద్ది. సందుల్లో చక్రం తట్టుకుంటది. ఈ వెదురు అట్టా కాదు. నారగా చీల్చి, జిగురు పట్టించి, మిషన్లో నొక్కి చేసింది. మామూలు వెదురైతే నేనే వద్దందును, గోరు దిగుద్ది. ఇది నొక్కుడు సరుకు, రాయి లెక్క. నున్నగా ఒకటే మట్టంగా వస్తది, గడపలు కూడా అక్కర్లేదు."

"గడపలు కూడా తీసేస్తారా?"

మేస్త్రి నాలుక కరుచుకున్నాడు.

"గడప లేని ఇంట్లో అదృష్టం నిలవదని మీ అమ్మ చెప్పలేదురా నీకు?" అసిల్‌కాన్ గొంతు లేచింది. "కాదిర్, నువ్వు బయటోడివి. నీకేం చెప్పారో అదే మాట్లాడతావు. నేనడిగేది దీన్ని." కోడలి వైపు తిరిగింది. "వాడు ఉన్నన్నాళ్లూ చక్రాల మీదే తిరుగుతాడని నువ్వు బజార్లో చెప్పావంటగా? ఆ మేకుల ముసల్ది ఊరంతా చాటింది. బావి దగ్గర నన్ను పట్టుకుని ఏడ్చింది కూడా. నా కొడుకు గురించి నాకు పరామర్శ! బతికున్న కొడుక్కి!"

"అపా..."

"వాడు నడుస్తాడు. ఎండాకాలంలో ఆ నాటువైద్యురాలు వచ్చిందా లేదా? హస్తవాసి ఉన్న మనిషి. నడుం మీద చెయ్యి పెట్టి, రెండేళ్లు పడుతుంది, ఓపిక పట్టమని చెప్పిందా లేదా? బొటనవేలు కదలడం నా కళ్లారా చూశా. నువ్వూ చూశావు. 'కదిలింది అపా' అన్నావు!"

ఆ మాట అన్నది నిజమే. చోల్పోన్ గోడ పక్కనున్న సిమెంటు బస్తా మీద కూర్చుంది. అత్తగారు నిలబెట్టి మాట్లాడుతుంటే కోడలు కూర్చోవడం ఆ ఇంట్లో ఆరేళ్లలో ఇదే మొదటిసారి. మర్యాద తప్పుతున్నానని తెలుసు. అయినా లేవలేదు.

"ఈ నేల పరిచావంటే, వాడింక లేవడని నీ చేత్తో నువ్వే రాసిచ్చినట్టు," అంది అసిల్‌కాన్. ఈసారి అరవలేదు, బతిమాలినట్టు అంది. "రేపు వాడు లేచి నిలబడితే, కాలి కింద వాళ్ల నాన్న చెట్టు ఉండాలే. ఆయన ఆశ అది. నేను ఇంకేం అడిగాను మిమ్మల్ని? చెప్పు."

చోల్పోన్‌కు సమాధానం ఉంది. ఒక్క వాక్యం. బజార్లో దుకాణంవాడి దగ్గర అంత సులువుగా జారిన వాక్యం ఇక్కడ నోరు దాటి రాలేదు.

అప్పుడు బయట కంకర కరకరలాడింది. వాకిట్లో మేస్త్రి వేసిన ఏటవాలు బల్ల కిర్రుమంది. మొదట రెండు చేతులు కనిపించాయి, మోచేతుల దాకా బురద. తర్వాత జూమార్త్.

పాత ఇంటికీ కొత్త ఇంటికీ మధ్య నాలుగిళ్ల దూరం. గుంతల బాట, దాని మధ్యలో నీళ్ల కాలువ. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు నెడితేగాని ఆ కుర్చీ గుమ్మం దాటలేదు. ఇవాళ ఒక్కడే వచ్చాడు. నుదుటి మీద చెమట ధార కట్టింది, రొమ్ము ఎగసిపడుతోంది.

"కాలువ ఎలా దాటావు?" చోల్పోన్ గభాలున లేచింది.

"రెండుసార్లు దిగబడ్డా. ఆగు, ఊపిరి పీల్చుకోనీ." నవ్వబోయి దగ్గాడు. "అపా, నీ గొంతు కొండ మీద గొర్రెలకి కూడా వినిపిస్తోంది. ఇంట్లో పడుకున్నవాడికి వినపడదా?"

అసిల్‌కాన్ కొడుకు అరచేతుల వైపే చూస్తోంది.

జూమార్త్ గదంతా కలియజూశాడు. గోడలు, కిటికీలు, ఇంకా పూత పడని పైకప్పు. పడిన తర్వాత ఈ గదిలోకి రావడం ఇదే మొదలు. చూపు కరగాచ్ పలకల దగ్గర ఆగింది.

"మేస్త్రీ, అందులోంచి ఒక పలక తీసి ఇక్కడ వెయ్యి. దాని పక్కన ఆ వెదురు ముక్కలు రెండూ వరసగా పెట్టు. జరక్కుండా అటో మేకు, ఇటో మేకు కొట్టు."

కాదిర్ అసిల్‌కాన్ వైపు చూశాడు. ఆవిడ లేచి పక్కకు జరిగింది. మేస్త్రి పలక తీసి పరిచాడు, మేకులు కొట్టాడు. ఆ చప్పుడు ఖాళీ ఇంట్లో గట్టిగా మోగింది.

జూమార్త్ కుర్చీని ముందుకు తోశాడు. ఒక చక్రం కరగాచ్ మీద, ఒక చక్రం వెదురు మీద. ముందుకు, వెనక్కు. మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కు. బాట మీది కంకర చక్రాలకు అంటుకుని వచ్చింది, కిసకిసమంటోంది. ఉన్నచోటే గిరుక్కున తిరిగాడు, ఒంటి బరువంతా ఓ పక్కకు మోపి నొక్కాడు. ఆ పని చేసేటప్పుడు అతని మొహం చోల్పోన్‌కు తెలిసిన మొహమే. జబ్బు గొడ్డు కడుపు మీద చెయ్యి ఆనించి వినేటప్పుడు అలాగే ఉండేది. ఏడాదిన్నరగా కనపడని మొహం అది.

వెనక్కు జరిగి, వంగి, బొటనవేలితో రెంటినీ తడిమాడు. కరగాచ్ మీద వడ్లగింజ లోతు నొక్కులు వరసగా పడ్డాయి. వెదురు మీద సన్నటి గీత, తుడిస్తే సగం పోయింది.

"కనిపిస్తోందా అపా?"

"నాకేం కనిపించట్లేదు." ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"వెదురే వేద్దాం మేస్త్రీ. గడపలు తీసేయ్."

"నాలుగు రోజులు ఆగరా," అంది తల్లి, ఇటు తిరక్కుండానే. "వచ్చే ఏడు నువ్వు లేచాక..."

"నేను లేవను, అపా."

కాదిర్ చేతిలోని సుత్తి నేల మీద పెట్టాడు.

"పన్నెండేళ్లు డాక్టరు పని చేశా," అన్నాడు జూమార్త్. గొంతులో ఎత్తుపల్లాలు లేవు. "నడుం విరిగిన గుర్రాలు ఎన్నిటిని చూశానో. యజమాని ఎదురుగా నిలబడి టోపీ తీసేవాణ్ని. 'అన్నా, ఇది లేవదు, ఆశ పెట్టుకోకు' అని చెప్పేవాణ్ని. కొంతమంది నన్ను తిట్టేవాళ్లు, కొంతమంది ఏడ్చేవాళ్లు. అయినా చెప్పేవాణ్ని, చెప్పడమే నా పని. పడ్డ రోజు, ఈ చూరు కిందే పడి ఉండి, నన్ను నేనే చూసుకున్నా. తొడ గిల్లుకున్నా. మోకాలు మీద రాయి పెట్టి కొట్టుకున్నా. నువ్వు వీధిలోంచి పరిగెత్తుకొచ్చేసరికే నాకు తెలుసు. పరాయివాళ్లకి చెప్పగలిగినవాణ్ని నీకు చెప్పలేకపోయాను."

చోల్పోన్‌కు చెవుల్లో హోరు. పడిన రోజే తెలుసా? ఫిబ్రవరి ఏమిటి, ఎనిమిది నెలలేమిటి! ఆయన ఆశ చెడిపోతుందని తను ప్రతి పొద్దున్నా ఆ కాలివేళ్లు పట్టుకుని, "ఇవాళ కొంచెం కదిలినట్టుంది" అనేది. ఆయన తల ఎత్తి చూసి, "అవును, కదిలినట్టే ఉంది" అనేవాడు. తన కోసం ఆయనా, ఆయన కోసం తనూ. ఇద్దరూ మంచం మీద కూర్చుని, చచ్చిన కాలిని మధ్యన పెట్టుకుని, ఒకరికొకరు అబద్ధం తినిపించుకున్నారు.

అసిల్‌కాన్ ఇప్పుడు ఇటు తిరిగింది. కొడుకును చూడలేదు. కోడల్ని చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరిలో, అపా. ఆసుపత్రిలో చెప్పారు."

"ఫిబ్రవరిలో." ముసలావిడ ఆ మాటను నములుతున్నట్టు పలికింది. "నేను బురద తేవడం మొదలుపెట్టింది ఏప్రిల్లో. సరస్సు ఒడ్డున నల్లబురద కాళ్లకు రాస్తే మంచిదంటే, గురువారం గురువారం బస్సెక్కి పోయా. వచ్చేటప్పుడు ఒళ్లో బకెట్టు. అందరూ ముక్కు మూసుకునేవాళ్లు. డ్రైవరు ఒకసారి దించేస్తానన్నాడు, కాళ్లు పట్టుకున్నంత పని చేశా. ఇంటికి రాగానే నువ్వు ఎదురొచ్చి బకెట్టు అందుకునేదానివి. 'చేతులు లాగుతున్నాయా అపా' అని అడిగేదానివి. పొయ్యి మీద పెట్టి వెచ్చజేసి ఇచ్చేదానివి. తెలిసే చేశావా అవన్నీ?"

"తెలిసే చేశాను."

"నా మొహం చూస్తూ?"

"చూస్తూనే."

"ఎందుకు చెప్పలేదే?" ఆవిడ గొంతు పగిలింది. "నేనేం పసిపిల్లనా? మొగుణ్ని మట్టి చేశాను. ఇద్దరు బిడ్డల్ని పాలు మాన్పించకముందే పూడ్చాను. ఇదొక్కటీ మొయ్యలేననుకున్నావా? ఊరంతా నన్ను చూసి జాలి పడుతుంటే, పిచ్చిదానిలా బకెట్టు పట్టుకుని తిరిగా. మీరిద్దరూ ఇంట్లో కూర్చుని చూశారు."

కోపానికి జవాబు చెప్పొచ్చు. ఇది కోపం కాదు. చోల్పోన్ తల దించుకోలేదు. దించుకుంటే మళ్లీ అబద్ధమే అవుతుందనిపించింది.

"దాచాలని కాదు అపా. అలిసిపోయా. నీకు చెప్పాలంటే ఒక రోజంతా ఓపిక కావాలి. చెప్పాలి, నిన్ను పట్టుకోవాలి, నువ్వేడిస్తే చూడాలి, మళ్లీ మర్నాడు నాలుగింటికి లేవాలి. అంత ఓపిక ఉన్న రోజు ఒక్కటీ రాలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చా."

కాదిర్ మేస్త్రి టేపును జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

అసిల్‌కాన్ గౌను మీద పడ్డ రంపపు పొట్టు దులుపుకుంది. కొడుకు దగ్గరికి నడిచింది. తలగుడ్డ కొస ముడి విప్పి, వంగి, అతని అరచేతుల బురద తుడిచింది. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ చెయ్యి. చర్మం లేచిపోయిన చోట ఆగి, ఊదింది. 

గుమ్మం దగ్గర ఆగి మేస్త్రితో అంది. "కాదిర్, ఆ చెక్కల్ని మళ్లీ పాకలో పెట్టించు. పుల్లలు మర్చిపోకు. వంకర పోతాయి."

"అట్టాగే అపా," అన్నాడు కాదిర్. ఆవిడ వెనకాలే తనూ వెళ్లిపోయాడు.

ఇద్దరే మిగిలారు. చోల్పోన్ నేల మీద కూలబడి చక్రానికి అంటుకున్న కంకరను గోటితో ఒక్కొక్కటే తీయసాగింది. తీరిక లేని చేతులు ఖాళీగా ఉండలేవు.

"బురద రాస్తే వెచ్చగా, హాయిగా ఉందనేవాడివి," అంది.

"నువ్వు అడిగేదానివి కాబట్టి."

"నేను అపా వింటుంది కాబట్టి అడిగేదాన్ని."

"ఓ గురువారం అందులో చిన్న చేప వచ్చింది, గుర్తుందా? నా పిక్క మీద అతుక్కుపోయింది. అపా దాన్ని శుభశకునం అంది."

చోల్పోన్‌కు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. అతనూ నవ్వాడు. చక్రానికి తల ఆనించి భుజాలు ఊగేలా నవ్వింది, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా. నవ్వు తగ్గాక ఒళ్లు తేలిగ్గా అనిపించింది. ఈ రాత్రి నిద్ర పడుతుంది అనుకుంది. వెదురు వస్తుంది, గడపలు పోతాయి, పొద్దున్నే ఆ వేళ్లు పట్టుకుని అబద్ధం చెప్పక్కర్లేదు. అదొక్కటి తగ్గినా చాలు.

జూమార్త్ మాత్రం నవ్వు ఆపి ఆమెనే చూస్తున్నాడు.

"నడవాలో ఆ చివరి గదికి," అన్నాడు, "తలుపు వెడల్పు చేయించమని మేస్త్రికి చెప్పు. అపా అందులో ఉంటుంది. నేను ఈ పక్క గదిలో. ఒక్కడికి పట్టే మంచం చాలు."

"అదేంటి? నేనెక్కడ పడుకోవాలి?"

అతను కుర్చీని ఆమె వైపు తిప్పుకున్నాడు.

"ఇవాళ దాచినవన్నీ చెప్పుకుంటున్నాం కదా. నా దగ్గర ఇంకోటుంది. నీకు ముప్ఫై ఒకటి, చోల్పోన్. ఇందాక నువ్వు అపాతో అన్నావే, ఓపిక ఉన్న రోజు ఒక్కటీ రాలేదని. నాకది కొత్తగా తెలిసింది కాదు. రోజూ నాలుగింటికి నువ్వు లేచేటప్పుడు మెలకువగానే ఉంటా. మంచం అంచున కూర్చుంటావు. లేవడానికి ముందు ఎంతసేపు అలా కూర్చుంటావో చూస్తుంటా."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఇల్లు పూర్తవుతుంది. చేతులున్నాయి నాకు. గడపలు లేకపోతే వంటింట్లోకి నేనే పోగలను, మంచం నేనే ఎక్కగలను. అపాని చూసుకోగలను. నువ్వు వెళ్లిపోవచ్చు."

చోల్పోన్ చేతిలోని కంకర నేల మీద పడింది.

"ఎవరినడిగి నిర్ణయించావు?"

"నిన్న మీ అన్నకి ఫోన్ చేశా."

ఆమె లేచి నిలబడింది. ఏదో అనబోయింది. అంతలో బయట బండి ఆగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు. వెంటనే అసిల్‌కాన్ గొంతు. ఇందాకటి జీర ఇంకా అందులో ఉంది, అయినా ఆవిడ మర్యాద తప్పే మనిషి కాదు. "అయ్యో సమత్ నాయనా, నువ్వా! కోచ్‌కోర్ నుంచి ఇంత పొద్దున్నే? చెప్పాపెట్టకుండా వియ్యాలవారు వస్తే మేమేం పెట్టేది! చేతులు కడుక్కో, టీ పెడతా. మీ చెల్లి లోపలుంది, నేల చూసుకుంటోంది."

"ఇవాళే వస్తాడనుకోలేదు," అన్నాడు జూమార్త్ మెల్లగా.

గుమ్మంలో చోల్పోన్ అన్న సమత్ నిలబడ్డాడు. రాత్రంతా బండి నడిపిన కళ్లు. టోపీ చేతిలోకి తీసుకున్నాడు. చెల్లెల్ని చూశాడు. పాలకేంద్రంలో తడిసిన చేతులు, సిమెంటు అంటిన లంగా, లోతుకుపోయిన బుగ్గలు. బావమరిది వైపు చూడలేకపోయాడు.

"పద చెల్లీ," అన్నాడు. "చీకటి పడేలోగా సరస్సు ఒడ్డు దారి దాటేయాలి. నీ సామానేది?"